షుగర్ సరే, ఏ షుగర్?

(ఈ వారం ఎపిసోడ్ పూర్తి పాఠం. మాట్లాడిన అన్న అబూదాబీలో కన్‌స్ట్రక్షన్ సూపర్‌వైజర్. ఆయన కోరిక మీద పేరు పెట్టలేదు. ఆయన మాటలను దాదాపు ఉన్నవి ఉన్నట్టే రాశాం.)



నాది జగిత్యాల జిల్లా. ఐటీఐలో సివిల్ డ్రాఫ్ట్స్‌మన్ చేసిన. 2004లో ఈ దేశం వచ్చిన. మొదలు స్టీల్ పనిలో హెల్పర్‌ని, తర్వాత ఫోర్‌మన్, ఇప్పుడు సూపర్‌వైజర్. నాకు 45 ఏండ్లు. ముందే ఒక మాట చెప్తున్న: నేను డాక్టర్‌ను కాదు. నా ఒంట్లో జరిగింది, దాని గురించి డాక్టరమ్మను అడిగి తెలుసుకున్నది, అంతే చెప్తా. విని ఎవరూ సొంతంగా మందులు మార్చకండి.

2021 ఫిబ్రవరిలో మొదలైంది. అప్పుడు నాకు 41. రాత్రి నాలుగైదు సార్లు ఒంటికి లేచుడు, ఎన్ని నీళ్ళు తాగినా నాలుక ఎండుడు. క్యాంపు దగ్గరున్న క్లినిక్‌కు పోయిన. పరగడుపు షుగర్ 212, హెచ్‌బీఏ1సీ 9.4. ఈ రెండోది మూడు నెలల సగటు చెప్పే పరీక్ష, చాలామందికి తెలిసే ఉంటుంది. "టైప్ 2. మీ ఇండియా వాళ్ళకు మామూలే" అని మెట్‌ఫార్మిన్ రాసిచ్చారు. అన్నం తగ్గించు, నడువు అన్నారు. నడువు అంటే నాకు నవ్వొచ్చింది. రోజుకు ఏడెనిమిది అంతస్తులు ఎక్కి దిగేవాణ్ణి నేను.

ఓ ఆరు నెలలు బాగానే ఉంది. తర్వాత మళ్ళీ పెరిగింది. రెండో గోలీ ఇచ్చారు. కొన్నాళ్ళు తగ్గింది, మళ్ళీ పెరిగింది. మూడోది ఇచ్చారు, మూత్రంలో చక్కెరను బయటికి పంపే రకం. పోయిన ప్రతిసారీ ఒకటే ప్రశ్న: "ఏం తింటున్నావ్?"

రెండు రొట్టెలు, కూర తింటున్న అంటే నమ్మరు. రూములో తమ్ముళ్ళు "అన్న చాయ్‌లో చక్కెర దాచి కలుపుకుంటుండు" అని నవ్వుడు. మా ఇంటామె వీడియో కాల్‌లో "శుక్రవారం బిర్యానీ మానుతలేవు గదా" అని గొడవ. మానేసి అప్పటికే ఏడాది. మా అమ్మ ఒక్కతే ఫోనులో నా మొఖం చూసి, "కొడుకా, గింత బక్కగైనవేంది?" అన్నది. 68 కిలోల వాణ్ణి 56కు వచ్చిన. షుగర్ వస్తే సన్నగైతారు, మంచిదే అనుకున్నారు అందరూ. చివరికి నాకే నా మీద అనుమానం వచ్చింది, నిద్రలో లేచి ఏమన్నా తింటున్ననా అని. ఇది నవ్వులాట కాదు, నిజంగా అనుకున్న.

2023 ఆగస్టు. ఇక్కడ జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల దాకా ఎండలో పని బంద్ ఉంటది, మీకు తెలుసు. ఆ బ్రేక్‌లో రెస్ట్ షెడ్డులో పడుకున్న. కడుపునొప్పి, వాంతులు. ఊపిరి గట్టిగా, లోతుగా పోతున్నది. అందరూ వడదెబ్బ అనుకున్నారు. తడి గుడ్డ వేశారు, ఐస్ పెట్టారు. ఒక నేపాలీ తమ్ముడు మాత్రం "సార్ నోట్లోంచి పండు వాసన వస్తోంది" అన్నాడు. ఆసుపత్రిలో తేలింది, అది వడదెబ్బ కాదు, కీటోయాసిడోసిస్. ఒంట్లో ఇన్సులిన్ చాలక, చక్కెర వాడుకోలేక, శరీరం కొవ్వును కాల్చుకుంటే కీటోన్లు పెరిగి రక్తం ఆమ్లంగా మారుతది. ఆలస్యమైతే ప్రాణం పోతది. నేను మూడు రోజులు ఐసీయూలో ఉన్న.

అక్కడ ఒక డాక్టరమ్మ నా పాత కాగితాలన్నీ మంచం మీద పరుచుకొని చూసింది. అప్పటిదాకా ఎవరూ అడగని ప్రశ్నలు అడిగింది. ఇంట్లో షుగర్ ఎవరికన్నా ఉందా? లేదు. షుగర్ రాకముందు బరువు ఎంత? 68, పొడవు 5 అడుగుల 8 అంగుళాలు. ఇంకేమన్నా గోలీలు వాడుతున్నవా? థైరాయిడ్‌కు 2018 నుంచి వాడుతున్న. ఆ మాట దగ్గర ఆమె ఆగింది. "థైరాయిడ్ కూడా మన రక్షణ వ్యవస్థే మన మీద తిరగబడితే రావచ్చు. అలాంటివి జతగా వస్తుంటాయి. నీది టైప్ 2 కాదేమో. గాడ్ టెస్టు చేద్దాం" అన్నది.

నేను "గాడ్ అంటే దేవుడి టెస్టా అమ్మా?" అన్న. ఆమె నవ్వింది. జీ, ఏ, డీ. గ్లుటామిక్ యాసిడ్ డీకార్బాక్సిలేస్ అనే ఎంజైము. ఇది మెదడులో ఉంటది, క్లోమంలో, అంటే పాంక్రియాస్‌లో, ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాల్లో కూడా ఉంటది. మన శరీరం బయటి క్రిముల మీద యాంటీబాడీలు తయారుచేస్తది కదా, అట్లనే పొరపాటున సొంత కణాల మీద కూడా చేస్తది. వాటిని ఆటోయాంటీబాడీలు అంటారు. బీటా కణాల మీద వచ్చే వాటిలో ముఖ్యంగా చూసేవి నాలుగు: గాడ్ మీద, ఇన్సులిన్ మీద, ఐఏ-2 అనే ప్రొటీన్ మీద, జింక్‌ను మోసే జెడ్‌ఎన్‌టీ8 అనే ప్రొటీన్ మీద.

ఇది కొత్తగా కనిపెట్టింది కూడా కాదు. 1974లో లండన్‌లో బొటాజో, డోనియాక్ అనే వాళ్ళు రోగుల రక్తంలోంచి సీరం తీసి క్లోమం ముక్కల మీద వేసి చూస్తే, ఐలెట్ కణాలకు యాంటీబాడీలు అతుక్కున్నట్టు తేలింది. అప్పటికి అవి దేని మీద దాడి చేస్తున్నాయో తెలియదు. తర్వాత ఒక ప్రొటీన్ దొరికింది, బరువును బట్టి దానికి 64కే అని పేరు పెట్టుకున్నారు. అదే గాడ్ అని 1990లో తేలింది. జెడ్‌ఎన్‌టీ8 సంగతి 2007లో బయటపడింది. అంటే నాకు షుగర్ వచ్చేనాటికి ఈ టెస్టులన్నీ ఉన్నాయి. నా దగ్గరికి రాలేదు, అంతే.

మన సైటు భాషలో చెప్తా. ఇక్కడ సముద్రం దగ్గర భూమిలో ఉప్పెక్కువ. బేస్‌మెంట్ గోడ మీద సన్న పగులు, దాని పొంటి గోధుమరంగు తుప్పు మరక కనబడుతది. కొత్త ఫోర్‌మన్ అయితే పగులు మీద ప్లాస్టర్ కొట్టించి రంగేస్తడు. ఆరు నెలలకు మళ్ళీ పగులు. మళ్ళీ ప్లాస్టర్. అనుభవం ఉన్నోడు ఆ మరక చూసి, లోపల స్టీల్ తుప్పు పడుతుందని తెలుసుకుంటడు.

షుగర్ పెరగడం పగులు. ఒక్కో గోలీ కలుపుతూ పోవడం ప్లాస్టర్. ఆటోయాంటీబాడీ ఆ తుప్పు మరక. ఇక్కడ ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. మరక స్టీల్‌ను తినదు. లోపల ఏం జరుగుతుందో అది చెప్తది. అట్లనే బీటా కణాలను ముఖ్యంగా దెబ్బతీసేది రక్తంలోని టీ కణాలు అనే రక్షణ కణాలు. యాంటీబాడీ దానికి గుర్తు మాత్రమే. కానీ ఆ గుర్తు మామూలు రక్త పరీక్షలో దొరుకుతది. క్లోమంలోకి తొంగిచూసే పని లేదు.

రిపోర్టు వచ్చింది. గాడ్ యాంటీబాడీ, ల్యాబ్ రాసిన హద్దుకు ఎన్నో రెట్లు ఎక్కువ. ఐఏ-2 నెగెటివ్. ఆసుపత్రి నుంచి వచ్చిన నెలన్నరకు, షుగర్ కుదుటపడ్డాక, సీ-పెప్టైడ్ కూడా చేశారు. శరీరం ఇన్సులిన్ తయారుచేసినప్పుడు దానితో పాటే తెగి వచ్చే ముక్క అది. ఇంజక్షన్ ఇన్సులిన్‌లో అది ఉండదు. అందుకే అది చూస్తే మన సొంత ఇన్సులిన్ ఎంత మిగిలిందో తెలుస్తది. 0.7 నానోమోల్ దాటితే సొంత ఇన్సులిన్ బాగానే ఉన్నట్టు, 0.3 కంటే తక్కువైతే టైప్ 1 లాగానే ఇన్సులిన్‌తో చూసుకోవాలి అని డాక్టరమ్మ చెప్పింది. నాది 0.24.

దీన్ని లాడా అంటారు. పెద్దవాళ్ళలో నెమ్మదిగా వచ్చే ఆటోఇమ్యూన్ షుగర్. చిన్నపిల్లల్లో టైప్ 1 వారాల్లో బయటపడితే, ఇది నెలలు, ఏండ్లు పడుతది. మొదట్లో గోలీలతో తగ్గినట్టే ఉంటది. అందుకే టైప్ 2 అనుకుంటారు. ఇంగ్లండ్‌లో పెద్ద షుగర్ అధ్యయనంలో, టైప్ 2 అని కొత్తగా తేలినవాళ్ళ రక్తం పరీక్షిస్తే ప్రతి 10 మందిలో సుమారు ఒకరికి గాడ్ యాంటీబాడీ ఉంది. అది 1997లో అచ్చయింది. మన వాళ్ళలో అదే లెక్క ఉంటుందని కాదు. కానీ ఇది వింత జబ్బు కాదని చెప్పడానికి చెప్తున్న.

ఆ మూడో గోలీ వెంటనే ఆపేశారు. ఇన్సులిన్ తక్కువున్న ఒంట్లో ఆ రకం మందు కీటోన్లు పెంచే ప్రమాదం ఉందట. క్లోమాన్ని పిండి ఇన్సులిన్ తీసే రకం గోలీ కూడా లాడాకు మంచిది కాదట, అదీ ఆపారు. ఇన్సులిన్ మొదలుపెట్టారు. నాలుగు నెలల్లో బరువు 63కు వచ్చింది.

ఆ రిపోర్టు చేతిలో పట్టుకొని ఆసుపత్రి మెట్ల మీద కూసొని ఏడ్చిన. జబ్బు పెద్దదని కాదు. నేను దొంగతిండి తినలేదని ఒక కాగితం చెప్పింది. రెండేండ్లు నా మాట ఎవరూ నమ్మలేదు, నేను కూడా నమ్మలేదు.

మొదటి క్లినిక్ మీద కోపం రాలేదా అంటే వచ్చింది. తర్వాత తగ్గింది. ఎందుకంటే డాక్టరమ్మ ఒక నిజం చెప్పింది. మన దేశం వాళ్ళకు సన్నగా ఉన్నా, వయసు తక్కువైనా, టైప్ 2 వస్తది. అందుకే మనిషిని చూసి ఏ షుగరో చెప్పడం కష్టం. చూసి చెప్పలేం గనకే పరీక్ష అవసరం. నాకు మిగిలిన బాధ ఒక్కటే. గోలీ ఫెయిలైనప్పుడల్లా మనిషిని అనుమానించారు, జబ్బు పేరును అనుమానించలేదు.

ఇప్పుడు దీని హద్దులు కూడా చెప్పాలె. లేకపోతే రేపు అందరూ గాడ్ టెస్టు గాడ్ టెస్టు అని పరుగెడతారు. ఈ టెస్టు ఖరీదు మామూలు షుగర్ టెస్టు కంటే చాలా ఎక్కువ. పైగా ఏ జబ్బూ లేని వాళ్ళలో కూడా వందకు ఒకరి దాకా గాడ్ పాజిటివ్ రావచ్చు. అనుమానం లేని చోట అందరికీ చేస్తే, ఆ తప్పుడు పాజిటివ్‌లే ఎక్కువైతయి. అనవసరంగా ఇన్సులిన్, అనవసరంగా భయం. నెగెటివ్ వస్తే కూడా పూర్తిగా తోసెయ్యలేం. అనుమానం గట్టిగా ఉంటే ఐఏ-2, జెడ్‌ఎన్‌టీ8 కూడా చూస్తారు. ఇంకోటి, ఇన్సులిన్ మీది యాంటీబాడీ టెస్టు, ఇంజక్షన్లు మొదలుపెట్టి కొన్ని వారాలైతే పనికిరాదు. బయటి ఇన్సులిన్ మీద కూడా ఒళ్ళు యాంటీబాడీలు చేస్తది, రెండింటికీ తేడా తెలియదు.

మరి ఎవరు అడగాలె? షుగర్ తేలినప్పుడు వయసు 35 లోపున్నవాళ్ళు, బక్కగా ఉన్నవాళ్ళు, ప్రయత్నం చేయకుండానే బరువు తగ్గుతున్నవాళ్ళు, గోలీలు సరిగ్గా వేసుకుంటున్నా ఏండ్లలోనే ఫెయిలైతున్నవాళ్ళు, తమకో ఇంట్లోవాళ్ళకో థైరాయిడ్ లాంటి ఆటోఇమ్యూన్ జబ్బు ఉన్నవాళ్ళు, కీటోన్లు వచ్చినవాళ్ళు. ఇందులో ఒకటి రెండు మీకు కలిస్తే డాక్టర్‌ను మర్యాదగా అడగండి: "సార్, నాది ఏ రకం షుగర్? యాంటీబాడీ, సీ-పెప్టైడ్ చూడాల్నా?" అడిగితే తప్పు లేదు.

సైటు సంగతి కూడా చెప్పాలె, ఎందుకంటే మనవాళ్ళకు అసలు భయం అక్కడుంది. ఇన్సులిన్ అంటే ఉద్యోగం పోతదని దాచిపెడతరు. నేను కూడా వారం రోజులు దాచిన. తర్వాత సేఫ్టీ ఆఫీసర్‌కు చెప్పిన. చెప్పక తప్పదు. ఎత్తు మీద ఉన్నప్పుడు షుగర్ 70 కంటే కిందికి పడితే నేనొక్కణ్ణే కాదు, కింద ఉన్నోడు కూడా పోతడు. ఇప్పుడు స్కాఫోల్డింగ్ ఎక్కేముందు చూసుకుంట. జేబులో గ్లూకోజ్ బిళ్ళలు ఉంటయి. షుగర్ పడితే 15 గ్రాముల చక్కెర తీసుకొని 15 నిమిషాలు ఆగి మళ్ళీ చూసుకుంట. తెరవని పెన్నులు ఫ్రిజ్‌లో, 2 నుంచి 8 డిగ్రీల మధ్య. వాడే పెన్ను 30 డిగ్రీలు దాటకుండా చూసుకోవాలె, దాదాపు నాలుగు వారాలే పనికొస్తది, రకాన్ని బట్టి మారుతది. మన సైటులో 45 డిగ్రీలు. అందుకే పెన్నును బండిలో పెట్టను, ఏసీ ఉన్న సైటు ఆఫీసులో పెడత. అది పెట్టుకోనిచ్చింది మా సేఫ్టీ ఆఫీసరే.

ఇక చివరి సంగతి. ఇది చెప్పాల్నా వద్దా అని మా ఇంటామెను అడిగిన. "చెప్పు, ఇంకో తల్లికి పనికొస్తది" అన్నది.

మాకు ఇద్దరు. బిడ్డకు 16, కొడుకుకు 12. తండ్రికి ఈ రకం ఉంటే పిల్లలకు ముప్పు మామూలు కంటే ఎక్కువ, కానీ ఎక్కువమందికి రాదు. పరీక్ష చేయించాల్నా అని ఏడాది ఆలోచించినం. మా ఆమె "తెలిస్తే ఏం చేస్తం? తెల్వకపోతేనన్న నిద్రపోతం" అన్నది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. డాక్టరమ్మ దగ్గర ఉంది. ఒక రకం యాంటీబాడీ ఒక్కటే ఉంటే అది పోవచ్చు కూడా. రెండు రకాలు, అంతకంటే ఎక్కువ ఉంటే, షుగర్ నార్మల్ ఉన్నా దాన్ని టైప్ 1 మొదటి దశ అనే అంటారు. పిల్లలను పుట్టినప్పటి నుంచి చూసిన అధ్యయనాల్లో, రెండు అంతకంటే ఎక్కువ ఉన్నవాళ్ళలో 10 ఏండ్లలో దాదాపు 70 శాతం మందికి షుగర్ బయటపడింది. ముందే తెలిసిన ఇండ్లల్లో, పిల్లలు నాలాగా కీటోయాసిడోసిస్‌తో ఐసీయూకు పోయేది చాలా తక్కువ. రెండో దశలో ఉన్నవాళ్ళకు జబ్బును సగటున రెండేండ్లు వెనక్కి నెట్టే టెప్లిజుమాబ్ అనే మందుకు 2022 నవంబర్‌లో అమెరికాలో అనుమతి కూడా వచ్చింది. మనలాంటి వాళ్ళకు అందే ధర కాదు, నిజమే. కానీ మందు లేకున్నా, చూసుకునే కన్ను ఉంటది కదా.

పోయిన సెలవుకు హైదరాబాద్‌లో ఇద్దరికీ చేయించినం. బిడ్డకు అన్నీ నెగెటివ్. కొడుకుకు గాడ్ ఒక్కటి కొంచెం హద్దు దాటింది. మిగతావి నెగెటివ్. ఒక్క సాంపిల్‌తో తేల్చరు, రెండోసారి చూడాలె అన్నారు. వచ్చే నెల రెండో సాంపిల్. ఇప్పటికి నాకు తెలిసింది అంతే.

వానికి అన్నీ చెప్పినం. దాచలేదు. "నాయినా, నేను స్వీట్లు ఎక్కువ తిన్నందుకా?" అని అడిగిండు. నాకు రెండేండ్లు పట్టిన జవాబు వానికి ఒక్క నిమిషంలో చెప్పిన: కాదు బిడ్డా, నువ్వేం చేయలేదు. ఇంట్లో గ్లూకోమీటర్ ఉంది. దప్పిక ఎక్కువైనా, రాత్రి పక్క తడిపినా, బరువు తగ్గినా, కడుపునొప్పితో వాంతులైనా, ఏ డాక్టర్ దగ్గరికి పోవాల్నో మా ఆమెకు తెలుసు. ఆమె నిద్ర పోతలేదు, నిజం. కానీ పొద్దున లేచి వాన్ని చూసి నాకు వాయిస్ మెసేజ్ పెడతది: "బాగున్నడు."

ఒక విన్నపంతో ఆపేస్తా. ఊరి నుంచి పొడులు, కషాయాలు పంపిస్తరు, వాటి కోసం ఇన్సులిన్ ఆపకండి. మా రకం వాళ్ళకు ఇన్సులిన్ ఆపితే నాలాగే ఐసీయూ. మీ రూములో ఎవడన్నా షుగర్ ఉన్నోడు బక్కగైతుంటే వాని చాయ్ చెంచాలు లెక్కపెట్టకండి. డాక్టర్ దగ్గరికి తోడు పోండి. "ఏ షుగర్?" అని వాని తరఫున ఒకసారి అడగండి.

కొడుకు రిపోర్టు వచ్చాక వీలైతే మళ్ళీ వచ్చి చెప్తా. నమస్తే.